అత్తో ప్లేటు దగ్గర మొదలుపెట్టి బర్మా చరిత్ర చదువుకోవడం ఎలా

చెన్నైలో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి అత్తో తెలుసు. బీచ్ స్టేషన్‌లో దిగి సాయంత్రం సెకండ్ లైన్ బీచ్ రోడ్డు వైపు నడిస్తే వరసగా బండ్లుంటాయి, పసుపురంగు నూడుల్స్‌లో క్యాబేజీ తురుము, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు, కారం వేసి చేత్తోనే కలిపి ఇస్తారు, పక్కన గ్లాసుడు అరటి దూట సూప్. కలిపిన తిండికి బర్మా భాషలో ఉన్న మాటే ఇక్కడికొచ్చి అత్తో అయింది. మొన్న మా బాబాయి కొడుకుని అక్కడికి తీసుకెళ్తే తింటూ తింటూ అడిగాడు, "అన్నయ్యా, బర్మా వంట మద్రాసులో ఎందుకుంది?" అని. చెప్పడం మొదలుపెట్టాను, కానీ రెండో ప్లేటు అయిపోయినా నేనింకా 1885 దాటలేదు. వాడు ఫోన్ తీశాడు.

అందుకే ఇది రాస్తున్నా. బర్మా చరిత్ర కష్టమైనదేం కాదుగానీ, తప్పు చోట మొదలుపెడితే మాత్రం బుర్ర తిరిగిపోతుంది. కరెన్, కచిన్, షాన్, మోన్, చిన్, రఖైన్, రోహింగ్యా, ఇన్ని పేర్లు ఒక్కసారిగా మీద పడేసరికి "ఏదో జాతుల గొడవలే" అనుకుని పుస్తకం మూసేస్తాం. నేనూ రెండుసార్లు మూశాను. మూడోసారి పట్టుబడింది, ఎలాగో చెబుతా.

ముందు పేర్ల సంగతి తేల్చుకోండి. దేశం పేరు బర్మానా మయన్మారా అని వాదన పెట్టుకోకండి, 1989లో సైనిక ప్రభుత్వం ఇంగ్లీషు పేర్లు మార్చింది, రంగూన్ యాంగాన్ అయింది, అంతే. పాతకాలం గురించి చదివేటప్పుడు బర్మా అనుకోండి, ఇప్పటి సంగతికి మయన్మార్ అనుకోండి. అసలు జాగ్రత్త పడాల్సింది వేరే చోట. బర్మా అనేది దేశం, బమా అనేది ఆ దేశంలో ఎక్కువమంది ఉన్న జాతి. ఈ రెండూ ఒకటే అనుకుని చదివితే తర్వాతి నూరేళ్ల కథా తలకిందులుగా అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడి గొడవలో సగం, ఆ రెండూ ఒకటేనా కాదా అన్నదే.

మనకి సంబంధించిన పేర్లు ఇంకో మూడు రాసుకోండి. మొదటిది రంగం. శ్రీకాకుళం, విజయనగరం వైపు పెద్దవాళ్లు రంగూన్‌ని రంగం అనేవాళ్లు. మా అమ్మమ్మ "మా నాన్న రంగం పోయాడు" అన్నప్పుడల్లా చిన్నప్పుడు నేను యుద్ధరంగం అనుకునేవాణ్ణి, కొన్నేళ్ల పాటు ఆయన సిపాయి అనే నమ్మాను. రెండోది కోరంగీ. కాకినాడ పక్కన గోదావరి కలిసే చోట ఉన్న కోరంగి రేవు పేరు మీద, బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు, వాళ్లది టెక్కలి అయినా సరే. మూడోది కలా. భారతదేశం నుంచి వచ్చినవాళ్లని బర్మావాళ్లు పిలిచే మాట, ఇప్పుడు తిట్టు కిందే లెక్క.

తర్వాత ఒక తెల్లకాగితం మీద బర్మా పటం గీసి, దాన్ని ఇంగ్లీషువాళ్లు మింగిన క్రమంలో మూడు రంగులు వేయండి. తేదీలు బట్టీ పట్టడం కన్నా ఇది నయం. మొదటి యుద్ధం 1824లో మొదలై 1826లో ముగిసింది, పడమట అరకాన్ (ఇప్పటి రఖైన్), దక్షిణాన తెనస్సెరిం తీరం పోయాయి. ఆ యుద్ధంలో కొట్లాడిన కంపెనీ సైన్యంలో మద్రాసు సిపాయిలు చాలామంది, అంటే మన కథ అక్కడే మొదలైపోయింది. రెండోది 1852, ఐరావతి డెల్టాతో సహా దిగువ బర్మా పోయింది. మూడోది 1885, మాండలే పడిపోయింది, రాజు థీబాని పట్టుకుని ఓడెక్కించారు. ఆయన్ని రత్నగిరిలో ఉంచారని అందరికీ తెలుసుగానీ అంతకుముందు కొన్ని నెలలు ఉంచింది మద్రాసులోనే. 1886 జనవరి 1 నుంచి బర్మా మొత్తం బ్రిటిష్ ఇండియాలో భాగం, 1937 దాకా అలాగే ఉంది. ఈ ముక్క మీద ఒక్క నిమిషం ఆగండి. యాభై ఏళ్లకు పైగా రంగూన్ వెళ్లడమంటే వేరే దేశం వెళ్లడం కాదు, పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, విశాఖపట్నంలోనో కాకినాడలోనో స్టీమరు డెక్కు టికెట్టు కొనుక్కుని ఎక్కడమే. ఇప్పుడు టెక్కలి కుర్రాడు చెన్నై వచ్చి పనిచేసినట్టు, మధ్యలో సముద్రం ఉంది, అంతే తేడా.

ఇప్పుడు అదే పటం మీద ఇంకో గీత గీయాలి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇంగ్లీషువాళ్లు బర్మాని రెండు రకాలుగా పాలించారు. మధ్యలో ఉన్న మైదానంలో నేరుగా తమ కలెక్టర్లు, కోర్టులు, పన్నులు. చుట్టూ ఉన్న కొండల్లో, అంటే షాన్, కచిన్, చిన్ ప్రాంతాల్లో, అక్కడి దొరల్ని అలాగే ఉంచి పైనుంచి అజమాయిషీ. రెండు చోట్లా చట్టాలు వేరు, తర్వాత వచ్చిన ఎన్నికలూ మంత్రులూ మైదానానికే. అంటే ఒకే జెండా కింద ఉన్నా కొండలవాడికీ మైదానం వాడికీ కలిసి ఒక ప్రభుత్వాన్ని నడిపిన అనుభవం లేదు. దాని మీద సైన్యం. సిపాయిలుగా కరెన్లనీ, కచిన్లనీ, చిన్లనీ తీసుకున్నారు, బమాలని చాలాకాలం దాదాపు దూరం పెట్టారు. కరెన్లలో బాప్టిస్టు మిషనరీల వల్ల చదువుకున్న క్రైస్తవులు తయారయ్యారు, 1881లోనే సొంత సంఘం పెట్టుకున్నారు. 1930 డిసెంబరులో సయా సాన్ అనే ఆయన నాయకత్వంలో బమా రైతులు తిరగబడితే అణచడానికి వెళ్లినవాళ్లలో కరెన్లున్నారు. ఇక మీరే ఆలోచించండి, ఆ రైతు కంటికి కరెన్ ఎవరిలా కనిపించి ఉంటాడు? కరెన్ కంటికి రాజుల కాలంలో తనని తొక్కిపెట్టిన బమా ఎవరిలా కనిపించి ఉంటాడు? ఇద్దరి జ్ఞాపకాలూ నిజమే. ఒకరి పక్షాన్నే చదివితే సగమే చదివినట్టు.

ఇక మనవాళ్ల పేజీ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే మనకి తెలియకపోతే ఇంకెవరూ చెప్పరు.

డెల్టా అంతా అడవి, చిత్తడి. దాన్ని కొట్టి వరి పొలం చేశారు, 1869లో సూయెజ్ కాలువ తెరిచాక బియ్యానికి గిరాకీ ఇంకా పెరిగింది. కోతలకి, మిల్లులకి, రేవులో మూటలు మోయడానికి, రిక్షా లాగడానికి, రంగూన్ వీధులూ మరుగుదొడ్లూ శుభ్రం చేయడానికి మనుషులు కావాలి. తెచ్చింది ఎవరు? మేస్త్రీ. ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఓడ టికెట్టు కొని, అక్కడ పనిలో పెట్టి, కూలీ డబ్బు తన చేతుల మీదుగా ఇచ్చేవాడు. అందులోంచి ఎంత కోసేవాడో కూలీకి తెలియదు. పై కంపెనీకి కూలీ పేరు తెలియదు, కూలీకి కంపెనీ మొహం తెలియదు. ఇప్పుడు చెన్నైలో కట్టడాల దగ్గర పనిచేసే ఉత్తరాంధ్ర కూలీల్ని ఎవరినైనా అడగండి, ఆ మాటా మారలేదు, పద్ధతీ పెద్దగా మారలేదు.

1931 జనాభా లెక్కల్లో బర్మా జనం కోటీ నలభై ఆరు లక్షలు, అందులో భారతీయులు పది లక్షల పైన. దేశం మొత్తం మీద ఇది ఏడు శాతమే. కానీ రంగూన్ నగరం ఒక్కటీ తీసుకుంటే సగానికి పైగా భారతీయులే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకోండి. బర్మా వాడు తన రాజధానికి వెళ్తే రేవులో తెలుగు, వడ్డీ కొట్లో తమిళం, పోలీసు దగ్గరా ఆఫీసులోనూ ఇంకో రెండు భాషలు, పైన ఇంగ్లీషు. వాడి భాష ఎక్కడ? మద్రాసు మనదా వాళ్లదా అని 1950ల్లో గొంతులు చించుకున్న మనకి ఆ మంట అర్థం కాకపోవడమేమిటి!

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీల్ని దింపాయి. కొన్నాళ్లకి రాజీ కుదిరింది, కూలి కాస్త పెరిగింది, మనవాళ్లు తిరిగి పనిలోకొచ్చారు. మరి మధ్యలో దిగిన బర్మా కూలీలు? పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది, కత్తులతో వేటాడారు, చనిపోయినవాళ్లు వందకు పైగా, ఎక్కువమంది తెలుగువాళ్లే. చాలాచోట్ల దీన్ని జాతి కల్లోలం అని ఒక్క ముక్కలో రాసేస్తారు. మీరు మాత్రం ఇక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోండి. ఒక పేదవాడి కడుపు మీద ఇంకో పేదవాడిని కూర్చోబెట్టింది కంపెనీ, శిక్ష పడింది మాత్రం దానికి కాదు. బర్మా చరిత్రలో ఎక్కడ "జాతి గొడవ" అని కనబడినా మూడు ప్రశ్నలు వేయండి: కూలి ఎవరికి పోయింది, భూమి ఎవరి చేతికొచ్చింది, రిజిస్టరు ఎవరు రాశారు. నాకు పుస్తకం తెరుచుకున్నది ఈ మూడింటితోనే.

భూమి ప్రశ్నకి జవాబు మన పక్కింట్లోనే ఉంది. కారైకుడి వైపు స్నేహితులుంటే తెలుస్తుంది, చెట్టియార్ల పెద్ద పెద్ద ఇళ్లకి బర్మా టేకు స్తంభాలుంటాయి. డెల్టా రైతుకి అప్పిచ్చింది వాళ్లే, పెద్ద బ్యాంకులు ఆ రైతు మొహం చూడలేదు. 1930కి దిగువ బర్మాలోని ముఖ్యమైన 13 వరి జిల్లాల్లో ఆరు శాతం భూమే వాళ్లది. తర్వాత ప్రపంచమంతా మాంద్యం, వడ్ల ధర కుప్పకూలింది, అప్పు తీరలేదు, తాకట్టు పొలాలు వచ్చి పడ్డాయి. 1938 నాటికి అది నాలుగోవంతు. నిజానికి చెట్టియార్లకి కావలసింది రొక్కం, పొలం కాదు, కానీ పొలం పోయిన రైతుకి ఆ తేడాతో పనేముంది? ఆ 1938లోనే మళ్లీ భారతీయుల మీద, ముఖ్యంగా ముస్లింల మీద దాడులు జరిగాయి.

ఇక్కడ మనలో ఒక జబ్బుంది, చెప్పాలి. మనవాళ్ల కష్టాలు వినగానే బర్మావాళ్లు దుర్మార్గులు అనేస్తాం. నేనూ అన్నాను. కానీ బర్మా వాడి వైపునుంచి చూస్తే, తన దేశాన్ని పట్టుకున్న సిపాయీ, అప్పిచ్చినవాడూ, గుమాస్తా, కూలీ అందరూ ఒకే ఓడలో దిగారు. మా ముత్తాత బుట్ట మోసినవాడే, ఎవరినీ దోచుకోలేదు. అయినా ఆయన్ని తెచ్చిన ఓడ ఎవరిదో చూడాలి కదా.

1942 గురించి చదివేటప్పుడు రెండు సంగతులు వేరువేరుగా చదవండి. ఒకటి నడక. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులేసింది. డబ్బున్నవాళ్లకి ఓడలు దొరికాయి, మిగతావాళ్లు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, ఇంకొందరు మణిపూర్ వైపు నడిచారు. నాలుగు లక్షల మందికి పైగా బయల్దేరారు, దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది పోయారు. మా ముత్తాత నడిచొచ్చినవాళ్లలో ఒకరు. ఆయన తమ్ముడు రాలేదు. అంతకుమించి ఆయన ఏమీ చెప్పలేదట, ఎప్పుడూ. రెండో సంగతి తక్కువమందికి తెలుసు: స్వాతంత్య్రం కోసం జపాన్ వెంట వచ్చిన బమా నాయకుడు ఆంగ్ సాన్ సైన్యానికీ కరెన్లకీ అదే ఏడాది డెల్టాలో, మ్యాంగ్‌మ్యా దగ్గర, ఘోరమైన నరుకులాట జరిగింది. స్వాతంత్య్రం వచ్చాక కరెన్లు ఎందుకు నమ్మలేదో తెలియాలంటే ఇది తెలియాలి.

తర్వాత పాంగ్లాంగ్ ఒప్పందం. 1947 ఫిబ్రవరి 12న ఆంగ్ సాన్‌తో షాన్, కచిన్, చిన్ నాయకులు కలిసి ఉందామని సంతకం పెట్టారు. ఏ ఒప్పందం చదివినా సంతకం పెట్టనివాళ్ల జాబితా రాసుకోవడం అలవాటు చేసుకోండి. కరెన్లు వచ్చి చూసి వెళ్లారు, మోన్లు, అరకాన్‌వాళ్లు లేనేలేరు. అయిదు నెలలకి, జూలై 19న, ఆంగ్ సాన్‌ని కాల్చి చంపారు. 1948 జనవరి 4న స్వాతంత్య్రం, ఏడాది తిరిగేసరికి కరెన్ల తిరుగుబాటు. రాజ్యాంగంలో షాన్, కరెన్నీ (ఇప్పటి కయా) రాష్ట్రాలకి పదేళ్ల తర్వాత కావాలంటే విడిపోవచ్చని రాసి ఉంది, కాబట్టి పదేళ్లు గడిచేసరికి సైన్యానికి టెన్షన్ పట్టుకుంది. ఫెడరల్ పద్ధతి కావాలని కొండల నాయకులు మాట్లాడుతుండగానే 1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారం లాక్కున్నాడు.

మన అత్తో బండి కథ ఇక్కడ కలుస్తుంది. నె విన్ ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు అన్నీ జాతీయం చేసింది, 1964 మేలో పెద్ద నోట్లు రద్దు చేసింది. కొట్టు పోయింది, దాచుకున్న నోటు చెల్లలేదు, నగలు తీసుకెళ్లనివ్వలేదు. ఆ కొన్నేళ్లలో మూడు లక్షల మంది దాకా భారతీయులు వచ్చేశారు, ఓడలు మద్రాసులోనూ విశాఖలోనూ దింపాయి. విశాఖలో బర్మా క్యాంప్ అలా వచ్చిన పేరే. ఇక్కడ 1969లో బీచ్ స్టేషన్ దగ్గర వాళ్లకి చిన్న చిన్న కొట్లు పెట్టుకోనిచ్చారు, అదే బర్మా బజార్. మన తరానికి అది దొంగ సీడీలూ, చార్జర్లూ దొరికే చోటు, పేరు ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు 1982 పౌరసత్వ చట్టం. దీన్ని చదవడం కాదు, మీ ఇంటి మీద వేసి చూసుకోండి. 1823కి ముందునుంచి బర్మాలో ఉన్న జాతులే అసలు పౌరులు. 1823 ఎందుకు? మొదటి యుద్ధానికి ముందు ఏడాది. అంటే ఇంగ్లీషువాడి తర్వాత వచ్చినవాళ్లంతా బయటివాళ్లు. పూర్తి పౌరుడికి గులాబీ కార్డు, తర్వాతి మెట్టుకి నీలం, ఆ కింద ఆకుపచ్చ. మా ముత్తాత అక్కడే ఉండిపోయి ఉంటే నాకు ఏ రంగు వచ్చేదో ఒకసారి లెక్క వేశాను. గులాబీ అయితే అంత తేలిగ్గా రాదు.

అరకాన్‌లోని ముస్లింలు, రోహింగ్యాల విషయం ఇక్కడే చదవాలి, వార్తల్లో కాదు. వాళ్లు ఆంగ్లేయుల కాలంలో చిట్టగాంగ్ నుంచి వచ్చిన కూలీలేనని సైన్యం వాదన. ఆ కాలంలో అరకాన్‌కి వలసలు జరిగిన మాట నిజమే. కానీ 1799లోనే ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరు అరకాన్ ముస్లింలు తమని తాము రూయింగా అని చెప్పుకుంటారని రాశాడు. ఈ బుకానన్ ఎవరో కాదు, మరుసటి ఏడాది మద్రాసు నుంచి బయల్దేరి మైసూరంతా తిరిగి ఊరూరా పంటలు, కులాలు రాసుకున్నాయనే. 2017లో సైన్యం దాడులకి ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు, వాళ్లు బయటివాళ్లన్న ఆ పాత లెక్క కూడా దాని వెనకుంది.

అక్కడ 135 జాతులున్నాయని ప్రభుత్వం చెబుతుంది, ప్రతి వ్యాసంలోనూ ఆ అంకె కనబడుతుంది. ఎత్తి రాసుకోకండి. ఎనిమిది పెద్ద జాతుల కింద యాసల్నీ, ఊళ్లనీ, వంశాల్నీ విడివిడిగా లెక్కేసిన జాబితా అది, మూలం ఆంగ్లేయుల జనగణన రిజిస్టర్లలోనే ఉంది. తరతరాలుగా అక్కడే ఉంటున్న తెలుగువాళ్లూ, తమిళులూ అందులో లేరు. 2014లో జనగణన చేసి జాతుల అంకెలు బయటపెట్టలేదంటేనే ఆ కాగితానికి ఎంత భయపడతారో చూడండి. 2021 ఫిబ్రవరి 1 సైనిక తిరుగుబాటు తర్వాతి సంగతులు రోజూ మారుతున్నాయి, ఈ పాత గీతలు చేతిలో ఉంటే మీరే చదువుకోగలరు.

చివరిగా, మీ ఇంట్లో రంగం పోయినవాళ్లుంటే వెతకడం ఎలా. పెద్దవాళ్లని "బర్మా గురించి చెప్పండి" అని అడిగితే "ఏముందిరా" అంటారు. చిన్నవి అడగాలి: ఏ రేవులో ఎక్కారు, మేస్త్రీ ఎవరు, కోతలకా మిల్లుకా, మనియార్డరు ఏ నెలలో వచ్చేది, ఇంట్లో ఎవరికైనా బర్మా మాటలు వచ్చా. మేస్త్రీ పేరు దొరికితే ఊరు దొరికినట్టే, ఎందుకంటే ఒక మేస్త్రీ వెంట ఒక ఊరు ఊరంతా వెళ్లేది. 1960ల్లో వచ్చినవాళ్ల ఇళ్లలో కాందిశీకుల కాగితాలు ఉంటాయి, రేషన్ కార్డుల మధ్యలో చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ పాత రికార్డులు ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, జిల్లా పేరు, ఏడాది రాసుకుని వెళ్లండి, "మా ముత్తాత గురించి" అని వెళ్తే ఎవరూ ఏమీ చేయలేరు.

అత్తో బండి ఆయన్ని అడగాలనుకుంటే నాలుగున్నరకల్లా వెళ్లండి, ఉల్లిపాయలు వేయిస్తూ ఉంటారు, మాట్లాడతారు. నేను ఏడింటికి వెళ్లి, వెనక పది మంది ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉండగా, "అన్నా, మీవాళ్లు ఏ ఏడాది వచ్చారు?" అని తమిళంలో అడిగాను. ఆయన తలెత్తకుండానే, "గుడ్డు వేయనా వద్దా, అది చెప్పు ముందు" అన్నాడు.